తేట నీళ్ల అడుగున

ఆదివారం. ఉదయం 7:40.

శవం నీళ్ల అడుగున బోర్లా పడి ఉంది.

తొమ్మిదడుగుల లోతు. అయినా చొక్కా కాలర్ మీది చిరుగు కూడా పైకి కనిపిస్తోంది. నీళ్లు అంత తేటగా ఉన్నాయి. పూల్ అడుగంతా బూడిద రంగు మడ్డి పరుచుకుని ఉంది, ఎవరో జల్లెడ పట్టి చల్లినట్టు.

ఇన్‌స్పెక్టర్ గట్టుకు రెండడుగుల దూరంలో ఆగింది. ఆమెకు ఈత రాదు. ఆగడానికి అదొక్కటే కారణం కాదు. రెండేళ్ల క్రితం ఇదే గట్టు మీద నిలబడి ఆమె ఇంకో పంచనామా రాసింది. అప్పుడు పోయింది ఈ ఇంటి ఒక్కగానొక్క కూతురు. పధ్నాలుగేళ్ల పిల్ల.

ఇప్పుడు తండ్రి.

"నీళ్లు చూశారా మేడమ్?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్. ముప్పై ఏళ్లు ఖాకీలో నలిగినవాడు, నోటికి గొళ్లెం లేదు. "మా ఇంట్లో తాగే నీళ్లు కూడా ఇంత తేటగా ఉండవు."

"టైమ్ రాయండి ముందు."

ఫోటోగ్రాఫర్ నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీశాడు. ఫైర్ సర్వీస్ వాళ్లిద్దరు నీళ్లలోకి దిగారు. వాళ్ల కాళ్లు అడుగుకు తగలగానే మడ్డి గుప్పున లేచింది. శవాన్ని పైకి లాగిన క్షణంలో, ఒక్క క్షణం మాత్రమే, దాని కింద ఏదో నీలంగా మెరిసింది. కెమెరా టకటకా మోగింది. అంతలోనే నీళ్లన్నీ పాలలా తెల్లబడి ఆ నీలాన్ని మింగేశాయి.

చనిపోయినాయన కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు. వీధిలో అందరికీ ప్రొఫెసర్. వయసు యాభై రెండు. నుదుటి మీద గట్టు తగిలిన గాయం. మిగతా ఒంటి మీద గీత లేదు.

"ఎంతసేపయింది డాక్టర్?"

డాక్టర్ భుజాలు ఎగరేశాడు. "చల్లటి నీళ్లు, పైగా క్లోరిన్. నిన్న సాయంత్రం నుంచి ఇవాళ పొద్దుటిదాకా ఎప్పుడైనా కావచ్చు. రిపోర్ట్ వచ్చేదాకా ఇంతకంటే చెప్పలేను."

హాల్లో ప్రొఫెసర్ భార్య సోఫా అంచున కూర్చుని ఉంది. కళ్లు పొడిగా ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ ఎదురుగా కుర్చీ లాక్కుంది.

"ఆయన్ని ఆఖరిసారి ఎప్పుడు చూశారమ్మా?"

"పొద్దున ఐదున్నరకి. కాఫీ తాగుతున్నారు. నేను యోగా క్లాసుకి బయల్దేరాను."

"ఆయనేమన్నారు?"

"పూల్ అడుగు వాక్యూమ్ చేస్తానన్నారు."

"మీరు తిరిగొచ్చింది?"

"ఏడూ పదికి. ఇంట్లో కనపడలేదు. వెనక్కి వెళ్లి చూశాను."

యోగా క్లాసులో పన్నెండు మంది ఆమెను చూశారు. టీచరు కూడా చెప్పింది. ఆ ఒకటిన్నర గంటకు లెక్క సరిపోయింది.

ప్రొఫెసర్ తమ్ముడు అదే ఇంట్లో మేడ మీద ఉంటాడు. మందుల కంపెనీలో సేల్స్ ఉద్యోగం. శనివారం మధ్యాహ్నం పక్క ఊరికి వెళ్లి, ఆదివారం తెల్లవారి ఐదు గంటల బస్సులో దిగాడు. టికెట్లు రెండూ జేబులోనే ఉన్నాయి. ఇంటికొచ్చి పడుకున్నాడు. వదిన కేక విని లేచాడు. చెప్పాల్సినవి ఇంతే. కానీ అతను అక్కడితో ఆగలేదు.

"చంపింది ఎవరో నాకు తెలుసు మేడమ్. ఆ పూల్ బాగుచేసే మేస్త్రి! రెండేళ్ల నుంచీ అన్నయ్య మీద పళ్లు నూరుతున్నాడు."

"మీరు చూశారా?"

"నేను చూడలేదు. ఎదురింటాయన చూశాడు. అడగండి."

ఎదురింటాయన కుక్కను తిప్పుతుండగా చూశాడట. 6:15కి మేస్త్రి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. బెల్ కొట్టాడు. గేటు తోశాడు. ఆ తర్వాత కుక్క మలుపు తిరిగింది, ఆయనా తిరిగాడు.

ప్రొఫెసర్ ఫోన్‌లో కాల్స్ చూశారు. శనివారం సాయంత్రం 4:05. మేస్త్రికి కాల్. రెండు నిమిషాలు. రెండేళ్లలో అదొక్కటే.

పాత పగ. ఆఖరి కాల్. గేటు దగ్గర మనిషి. ఇంకేం కావాలి? పైఅధికారి ఫోన్‌లోనే తేల్చేశాడు. "ఎత్తుకొచ్చి లోపల కూర్చోబెట్టండి. వాడు ఇదివరకటి కేసులో కూడా ఉన్నాడు కదా?"

ఉన్నాడు. ఆ సంగతి ఇన్‌స్పెక్టర్‌కు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు.

మేస్త్రిని ఆ ఇంటికే పిలిపించి, అక్కణ్నుంచే జీపెక్కించారు. 11:00కి లాకప్‌లో పెట్టారు.

ఆమె మాత్రం మధ్యాహ్నం మళ్లీ ఆ ఇంటికి వెళ్లింది. పెరట్లో ఒక మూల పంపు రూమ్. లోపల మోటారు, ఇసుక ఫిల్టరు, ప్రెషర్ గేజ్, క్లోరిన్ డబ్బాలు. ఒక గోనెసంచి నిండా పటిక. గోడకి అలమర. అందులో వరసగా నోటు పుస్తకాలు, వెన్ను మీద అంకెలు.

తన పూల్‌కు వచ్చిన ప్రతి జబ్బునూ, తాను చేసిన ప్రతి వైద్యాన్నీ ప్రొఫెసర్ తేదీలతో సహా రాసుకున్నాడు. నీళ్లు పచ్చబడ్డాయి, క్లోరిన్ చాల్లేదు. కళ్లు మండుతున్నాయి, పీహెచ్ చూడాలి. గేజ్ ముల్లు ఎక్కింది, ఫిల్టర్ వెనక్కి కడగాలి. చక్కటి దస్తూరీ. కొట్టివేత ఒక్కటీ లేదు. తప్పు చేసే అలవాటు లేని మనిషి రాత.

తొమ్మిదో పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది. జ్వరంతో పది రోజులు పడుకున్నాడట. ఈలోగా నాచు పట్టింది. గురువారం క్లోరిన్ దండిగా పోశాడు. శుక్రవారానికి నాచు చచ్చి నీళ్లు పాలలా అయ్యాయి. ఆఖరి వాక్యాలు ఇవి:

*శని. సా. 5:40. పటిక కలిపాను. 6:10. పంపు ఆపాను. మోటారు గాలి పీలుస్తోంది, సంగతేమిటో చూడాలి. ఆది. ఉ. 6. మేస్త్రి వస్తాడు.*

ఇన్‌స్పెక్టర్ అలమర వైపు చూసింది. ఒకటి, రెండు, మూడు. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది.

నాలుగు లేదు. నాలుగు ఉండాల్సిన చోట మాత్రం దుమ్ము లేదు.

3:30కి ఆమె లాకప్ ముందు స్టూల్ వేయించుకుంది. మేస్త్రి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నలభై ఐదేళ్లుంటాయి. చేతులు క్లోరిన్‌కి పొలుసులు రేగి ఉన్నాయి.

"శనివారం ఎందుకు ఫోన్ చేశాడు?"

"మోటారు గాలి లాగుతోందన్నాడు. ప్రెషర్ లేకపోతే వాక్యూమ్ కుదరదు కదా. పొద్దున ఆరింటికి రమ్మన్నాడు."

"పిల్ల చావుకి నువ్వే కారణమన్నవాడు పిలిస్తే వెళ్లావా?"

"పాపం పిలిచాడు కదా అని వెళ్లలేదు మేడమ్. తప్పు ఒప్పుకుంటాడేమోనని వెళ్లాను." నవ్వాడు, నవ్వులా లేదు. "ఆశ చూడండి."

"లోపలికి వెళ్లావా?"

"బెల్ కొట్టాను. గేటు తోశాను. తాళం వేసి ఉంది. పావుగంట నిలబడి వచ్చేశాను."

"శనివారం సాయంత్రం ఎక్కడున్నావు?"

"స్పోర్ట్స్ క్లబ్‌లో. నాలుగున్నర నుంచి తొమ్మిదిదాకా. పంపు సీల్ మార్చాను. మేనేజర్ నా నెత్తి మీదే నిలబడ్డాడు. కెమెరాలు కూడా ఉన్నాయి. కానీ మీరు అడిగేది పొద్దుటి గురించి కదా?"

ఆమె ఫోటోల కవరు తెరిచింది.

"పటిక వేస్తే ఎంతసేపటికి నీళ్లు తేరతాయి?"

మేస్త్రికి ప్రశ్న అర్థం కాలేదు. పని సంగతి కాబట్టి జవాబు మాత్రం దానంతటదే వచ్చింది. "పంపు ఆపాక పది, పన్నెండు గంటలు. మురికంతా ముద్దలు కట్టి మెల్లగా కిందికి దిగుతుంది. అప్పటిదాకా నీళ్లు కదలకూడదు. కాలు పెట్టినా లేచిపోతుంది. మళ్లీ పూట పడుతుంది."

"మనిషి పడితే?"

"మనిషి పడితే పూల్ మొత్తం పాలే. గంటలో తేరదు, రెండు గంటల్లో తేరదు."

ఆమె పదిహేడో నంబరు ఫోటో చేతిలోకి తీసుకుంది. శవాన్ని లేపిన క్షణం. అడుగంతా బూడిద రంగు మడ్డి. నడిమధ్యలో నీలం పలకలు శుభ్రంగా, మనిషి ఆకారంలో.

దాని ముందు ఫోటో చూసింది. శవం వీపు మీద, జుట్టులో, చెవి మడతలో మడ్డి పేరుకుని ఉంది.

ఆమె రెండు ఫోటోలనూ పక్కపక్కన పెట్టింది.

"మీరే కదా మేడమ్ అప్పుడు రాసింది?" అన్నాడు మేస్త్రి ఉన్నట్టుండి. "మేస్త్రి నిర్లక్ష్యం వల్ల అని."

"నేనే."

"నేను ఇరవై రెండు ఇళ్లలో పూల్ పని చూసేవాణ్ని. వారంలో ఒక్కటీ మిగల్లేదు. పెద్దమనిషి చెప్పాడు, మీరు రాశారు. నేను చెప్పింది మీరు రాయలేదు."

ఆమె లేచింది. క్లబ్‌కు తానే వెళ్లింది. మేనేజర్‌తో మాట్లాడింది. కెమెరా రికార్డు చూసింది. 4:32కి మేస్త్రి లోపలికి. 9:04కి బయటికి. మధ్యలో ఒక్కసారి టీ తాగడానికి లేచాడు, అదీ కెమెరాలో ఉంది. తర్వాత పైఅధికారికి ఫోన్ చేసింది. "రేపు పదింటిదాకా ఆగు, అందరి ముందూ తేల్చాకే వదులు" అన్నాడాయన. ఆమె వాదించింది. ఆయన ఫోన్ పెట్టేశాడు.

మేస్త్రి ఆ రాత్రి లాకప్‌లోనే ఉండిపోయాడు.

సోమవారం. ఉదయం 10:00. పూల్ గట్టు.

నాలుగు కుర్చీలు వేయించింది. ప్రొఫెసర్ భార్య ఒక దాంట్లో, తమ్ముడు ఇంకో దాంట్లో. మేస్త్రిని జీపులో తీసుకొచ్చి మూడో దాంట్లో కూర్చోబెట్టారు. నాలుగోది ఇన్‌స్పెక్టర్ కోసం, కానీ ఆమె కూర్చోలేదు.

"వీణ్ని ఇక్కడికెందుకు తెచ్చారు?" తమ్ముడు లేచాడు. "వదిన ముందు..."

"కూర్చోండి. మీ అన్నయ్య నీళ్లలో పడింది ఎప్పుడు?"

"ఆదివారం పొద్దున. ఐదున్నర దాటాక. వదిన చెప్పింది కదా."

"శనివారం సాయంత్రం 6:10కి పంపు ఆపాడని ఆయనే రాసుకున్నాడు. నీళ్లలో పటిక ఉంది. తెల్లవారేసరికి మడ్డి అంతా కిందికి దిగింది. ఆ తర్వాత మనిషి పడితే ఏమవుతుంది మేస్త్రీ?"

"మళ్లీ లేస్తుంది మేడమ్. నీళ్లు పాలవుతాయి."

"నేను 7:40కి వచ్చాను. నీళ్లు అద్దంలా ఉన్నాయి. మా హెడ్డు మెచ్చుకున్నాడు కూడా. నేనే పట్టించుకోలేదు."

హెడ్ కానిస్టేబుల్ టోపీ సర్దుకున్నాడు.

ఆమె రెండు ఫోటోలు కుర్చీ మీద పెట్టింది. "తర్వాత పడితే మడ్డి ఆయన కింద ఉండాలి. లేదు. వీపు మీద ఉంది. కింద నేల శుభ్రంగా ఉంది. అంటే మడ్డి దిగకముందే ఆయన అడుగున ఉన్నాడు. అది దిగుతున్నంతసేపూ ఆయన మీద పడుతూనే ఉంది. ఆదివారం ఐదున్నరకి ఆయన కాఫీ తాగలేదు. అప్పటికి పదకొండు గంటలుగా నీళ్లలో ఉన్నాడు."

తమ్ముడు ఫోటోల మీదికి వంగాడు.

"శనివారం సాయంత్రం మేస్త్రి క్లబ్‌లో. మీరు పక్క ఊళ్లో. ఇంట్లో ఉన్నది ఒక్కరే."

తమ్ముడు మెల్లగా పక్కకు తిరిగాడు. "వదినా?"

ప్రొఫెసర్ భార్య పూల్ వైపే చూస్తోంది.

"నాలుగో పుస్తకం ఎక్కడుందమ్మా?" ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గింది.

"పాప గదిలో." ఆమె గొంతులో వణుకు లేదు. "బీరువాలో, దాని స్కూలు బట్టల కింద."

హెడ్ కానిస్టేబుల్ వెళ్లి తెచ్చాడు. ఒక పేజీ మూల మడిచి ఉంది. ఇన్‌స్పెక్టర్ పైకి చదివింది.

"పధ్నాలుగో తేదీ. అడుగు జాలీకి నాలుగు స్క్రూల్లో మూడు ఊడాయి. కొత్త జాలీ వేసేదాకా పూల్ మూసేయమంటున్నాడు మేస్త్రి. అతి. రాగి తీగతో నేనే కట్టాను. గట్టిగానే ఉంది."

పదిహేడో తేదీన, పూల్ అడుగున నీళ్లు లాగే రంధ్రం మీది ఆ జాలీ ఊడింది. మోటారు లాగింది. పిల్ల జుట్టు అందులో చిక్కుకుంది. తీగ కట్టింది మేస్త్రేనని తండ్రి చెప్పాడు. తల్లి నమ్మింది. పోలీసులు రాశారు.

"నేనేం వెతుక్కుంటూ పోలేదు," అంది ప్రొఫెసర్ భార్య. "ఆయనే తెమ్మన్నారు. మోటారు గాలి పీలుస్తోంది, ఇదివరకు ఎలా బాగుచేశానో నాలుగో పుస్తకంలో ఉంది, పేజీ చూసి తీసుకురా అన్నారు. పేజీ వెతికాను."

"ఆయనకి గుర్తులేదా, అందులో ఏముందో?"

"లేదు. అందులో ఆయనకి అదొక పేజీ, అంతే." చీర కొంగు వేలికి చుట్టుకుంది. "తెచ్చి ఆయన ముందు తెరిచాను. ఇక్కడే మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. చదివారు. 'అప్పటికి అది గట్టిగానే ఉంది' అన్నారు. పుస్తకం లాక్కోబోయారు. నేను వెనక్కి జరిగాను. పటిక నీళ్లకి గట్టు జారుడుగా ఉంది. కాలు జారింది. తల కొట్టుకుని పడ్డారు."

"తోశారా?"

"తోయలేదు."

"పడ్డాక?"

ఆమె గోడ వైపు చెయ్యి చూపించింది. కొక్కేలకి ఆకులు తీసే వల కర్ర వేలాడుతోంది. పన్నెండడుగుల కర్ర. "చెయ్యి రెండుసార్లు పైకొచ్చింది. ఆ కర్ర తీసుకున్నాను. పట్టుకుని నిలబడ్డాను."

"అందించలేదా?"

"లేదు." కర్ర వైపే చూస్తూ అంది, "నీళ్లు తెల్లగా ఉన్నాయి కదా. కాసేపటికి ఆయన కనపడలేదు. కనపడకపోయేసరికి నిలబడటం తేలికైంది. తర్వాత కర్ర దాని చోట్లో పెట్టేశాను."

తమ్ముడు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "తీగ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాడు అన్నయ్య, వదినా. పోయిన పిల్ల రాదు, పరువైనా మిగలనీ అన్నాడు..."

ఆమె మొదటిసారి అతని వైపు తిరిగింది. "నీకూ తెలుసా?"

అతను మొహం చేతుల్లో దాచుకున్నాడు.

"నీకూ తెలుసు," అంది ఆమె తనలో తాను. "నీకు రెండేళ్లు వండిపెట్టాను."

మేస్త్రి కుర్చీలోంచి లేచాడు. ఎవరూ ఆపలేదు. గేటు వైపు నాలుగు అడుగులు వేశాడు. వెనక నుంచి ఆమె పిలిచింది.

"మేస్త్రీ. పాప పోయిన రోజు నీ మొహం మీద ఉమ్మేశాను."

అతను ఆగాడు. "తుడుచుకున్నానమ్మా. కన్నతల్లి కదా మీరు. ఆ రోజు మీకు తెలీదు." తిరిగి చూశాడు. "నిన్న నన్ను జీపెక్కించినప్పుడు మీరు కిటికీ దగ్గరే ఉన్నారు. నిన్న మీకు తెలుసు."

ఆమె అప్పుడు ఏడ్చింది. రెండు రోజుల్లో అదే మొదటిసారి. ఎవరి కోసం ఏడ్చిందో అక్కడున్న వాళ్లెవరికీ తెలియలేదు. ఆమెకైనా తెలుసో లేదో.

మహిళా కానిస్టేబుల్ వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది. తోసిన చేతికి చట్టంలో పెద్ద శిక్ష ఉంది. అందించని చేతికి ఏముందో వెతకాలి. అది వకీళ్లు తేల్చుకుంటారని ఇన్‌స్పెక్టర్‌కు తెలుసు. తాను తేల్చుకోవాల్సింది వేరే ఉంది.

11:50. స్టేషన్.

విడుదల రిజిస్టరు బల్ల మీద ఉంది. మేస్త్రి నిలబడే ఉన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. చెప్పులు, బెల్టు, పర్సు, పానా తిరిగి ఇచ్చారు. పానాను చొక్కా అంచుతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పాత కేసు మళ్లీ తెరిపిస్తాను," అంది ఇన్‌స్పెక్టర్. "ఆ వాక్యం కొట్టేయిస్తాను."

"కొట్టేయండి మేడమ్. మరి ఆ ఇరవై రెండు ఇళ్లకీ ఎవరు వెళ్లి చెప్తారు?"

ఆమె రిజిస్టరును హెడ్ కానిస్టేబుల్ వైపు జరిపింది.

హెడ్ కానిస్టేబుల్ పెన్ను తీశాడు. "విడుదలకి కారణం ఏం రాయమంటారు మేడమ్? సాక్ష్యం చాలలేదనా?"

"కాదు. నిర్దోషి అని రాయండి. రెండుసార్లూ పొరపాటు పోలీసులదే అని రాయండి. కింద నా పేరు రాయండి."

ఆయన రిజిస్టరు ఇటు తిప్పి, అటు తిప్పి చూశాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో మొదటిసారి ఆయనకు నోట మాట తడబడింది.

"అది రాయడానికి ఇందులో కాలమ్ లేదు మేడమ్."

"పక్కన ఖాళీ ఉంది కదా," అంది ఆమె. పెన్ను ఆయన చేతిలోంచి తీసుకుని, ఆ ఖాళీలో తానే రాయడం మొదలుపెట్టింది. మేస్త్రి అది పూర్తయ్యేదాకా ఆగలేదు. ఆమె తలెత్తేసరికి తలుపు ఊగుతోంది.